మోకాళ్ల అరుగుదలతో కదల్లేని అమ్మకు రాత్రి నిద్ర పట్టడం లేదు, నిద్ర మాత్ర అడగాలా?

మీ ప్రశ్నను ఒకసారి నా మాటల్లో చెప్తాను. అమ్మగారికి 72 ఏళ్లు. రెండు మోకాళ్లూ బాగా అరిగాయని డాక్టరు చెప్పారు. కొన్ని నెలలుగా ఆమె నడక మంచం నుంచి బాత్రూమ్ వరకే. రాత్రి ఒంటిగంట దాటినా నిద్ర పట్టదు, పట్టినా గంటకోసారి మెలకువ వస్తుంది. పగలేమో మంచం మీదే కునికిపాట్లు. నిద్ర మాత్ర రాయించాలా, ఇంట్లో ఎలా చూసుకోవాలి అని అడిగారు.

నేను నర్సుని. మొదట ఎముకల వార్డులో చేశాను, ఆ తర్వాత చాలా ఏళ్లుగా ఇళ్లకు వెళ్లి కదల్లేని పెద్దవాళ్లను చూసుకుంటున్నాను. సూటిగా చెప్పాలంటే: నిద్ర మాత్రతో మొదలుపెట్టకండి. ముందు రాత్రి పూట నొప్పిని అదుపులోకి తెండి, పగలు ఆమెను మంచం మీంచి దింపండి. ఈ రెండూ పద్ధతిగా జరిగిన ఇళ్లలో నిద్ర చాలావరకు తనంతట తనే దారిన పడటం నేను చూశాను. పడకపోతే అప్పుడు మాత్ర గురించి ఆలోచించవచ్చు.

ఎందుకంటే ఆమెకున్నవి మూడు వేర్వేరు సమస్యలు కావు. నొప్పి నిద్రను చెడగొడుతుంది. నిద్ర చాలకపోతే మర్నాడు అదే నొప్పి ఇంకా ఎక్కువగా తెలుస్తుంది. నొప్పి భయంతో కదలరు. కదలకపోతే కీలు బిగుసుకుంటుంది, తొడ కండ కరిగిపోతుంది. మోకాలిని పట్టి నిలబెట్టేది ఆ తొడ ముందు కండే కాబట్టి అది నీరసించే కొద్దీ ప్రతి అడుగులోనూ భారమంతా కీలు మీదే పడుతుంది. పగలంతా పడుకునే ఉంటే రాత్రికి శరీరం నిద్ర ఎందుకు అడుగుతుంది? మంచం మీద ఉండిపోవడం ఎంత నష్టమో చాలామందికి తెలియదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లను పది రోజులు మంచానికే పరిమితం చేసి చూసిన ఒక పరిశోధనలో వాళ్ల కాళ్ల కండ దాదాపు ఒక కిలో తగ్గింది. వాళ్లకు ఏ జబ్బూ లేదు. అలాంటప్పుడు మోకాళ్లు అరిగినవాళ్ల సంగతి చెప్పాలా?

ఇక మాత్ర విషయం. వయసు మళ్లినవాళ్లలో నిద్ర మాత్ర ప్రభావం తెల్లారినా పూర్తిగా వదలదు. అర్ధరాత్రి మూత్రానికి లేచినప్పుడు కళ్లు తిరుగుతాయి, అడుగు తడబడుతుంది. అసలే మోకాళ్లు సహకరించని మనిషి. పడితే తుంటి ఎముక విరుగుతుంది, అక్కడి నుంచి కథే మారిపోతుంది. కొందరిలో అయోమయం, జ్ఞాపకం తప్పడం కూడా చూస్తాం. పెద్దవాళ్లకు సాధ్యమైనంత వరకు ఇవ్వకూడని మందులంటూ అమెరికన్ జెరియాట్రిక్స్ సొసైటీ ప్రకటించే బీర్స్ జాబితాలో సాధారణంగా వాడే నిద్ర మాత్రలు చాలావరకు ఉన్నాయి. జలుబుకూ దురదకూ వాడే, మత్తు తెచ్చే పాతరకం అలెర్జీ మాత్రలూ అందులోనే ఉన్నాయి. "ఇది మామూలు జలుబు మాత్రే కదా, వేసుకుంటే నిద్ర పడుతుంది" అని ఇచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు, దయచేసి అలా ఇవ్వకండి.

ఒక జాగ్రత్త. ఆమె ఇప్పటికే నెలల తరబడి నిద్ర మాత్ర వాడుతుంటే ఇది చదివి ఒక్కసారిగా ఆపేయకండి. డాక్టరు చెప్పిన పద్ధతిలో కొంచెం కొంచెంగా తగ్గించాలి. హఠాత్తుగా ఆపితే నిద్ర ఇంకా పాడవుతుంది, కొన్ని మందులతో ఫిట్స్ వచ్చే ప్రమాదం కూడా ఉంది.

అసలు ఆమెను నిద్ర లేపుతున్నదేమిటో కనుక్కోండి

"నిద్ర పట్టట్లేదు" అన్న ఒక్క మాట వెనక చాలా కారణాలు ఉంటాయి. ఒక వారం పాటు ఒక నోట్‌బుక్ పెట్టండి. ఎప్పుడు పడుకున్నారు, ఎన్నింటికి మెలకువ వచ్చింది, లేచినప్పుడు మొదట ఏమన్నారు, పగలు ఎంతసేపు కునుకు తీశారు, ఏ మందు ఎన్నింటికి వేశారు. అంతే. మెలకువ రాగానే నోటి నుంచి వచ్చే మొదటి మాట చాలా చెప్తుంది కాబట్టి దాన్ని ఆమె అన్నది అన్నట్టే రాయండి.

పక్కకు తిరగబోతే మోకాలు కలుక్కుమని లేచారా? అయితే అది నొప్పి. ఆమెకు రాసిన నొప్పి మందు ఏ వేళకు పడుతోందో చూడండి. పొద్దున్నా మధ్యాహ్నం వేసి రాత్రికి ఏమీ లేకుండా పడుకోబెట్టే ఇళ్లు ఎన్నో చూశాను. రోజు మొత్తం మోతాదు పెంచకుండా, అందులో ఒకటి పడుకునే ముందుకు జరపవచ్చా అని డాక్టర్ని అడగండి. పారాసెటమాల్ అయితే ఆరోగ్యంగా ఉన్న వయోజనులకు రోజుకు 4 గ్రాములు గరిష్ఠ పరిమితి. బక్కగా ఉన్నవాళ్లకు, వయసు మళ్లినవాళ్లకు, కాలేయం బాగాలేనివాళ్లకు ఇంకా తక్కువే ఇస్తారు. జ్వరం, జలుబు మాత్రల్లోనూ అదే మందు ఉంటుంది, దాన్నీ లెక్కలో వేసుకోవాలి. మోకాలికి పైపూత నొప్పి జెల్ బాగానే పనిచేస్తుంది, కడుపుకూ కిడ్నీకీ మాత్రంత భారం కాదు. ఘాటైన నొప్పి మాత్రలు మాత్రం సొంతంగా కొని వేయకండి. బీపీ, కిడ్నీ సమస్య, కడుపులో పుండు ఉన్నవాళ్లకు అవి నిజంగా ప్రమాదం.

మూత్రానికి లేస్తున్నారా? బీపీ కోసమో కాళ్ల వాపు కోసమో నీరు తీసే మాత్ర సాయంత్రం పడుతోందేమో చూడండి. దాన్ని పొద్దుటికి మార్చవచ్చా అని అడగండి. పగలంతా కాళ్లు వేలాడేసుకుని కూర్చుంటే పాదాల్లో నీరు దిగుతుంది. రాత్రి నడుం వాల్చగానే ఆ నీరంతా తిరిగి రక్తంలో కలిసి మూత్రంగా వస్తుంది. మధ్యాహ్నం ఒక గంట కాళ్లు ఎత్తులో పెట్టించండి. తాగే నీళ్లు మొత్తంగా తగ్గించకండి, ఎక్కువ భాగం సాయంత్రం లోపే తాగించండి.

కాళ్లు లాగుతున్నాయి, ఒక చోట పెట్టలేకపోతున్నాను అంటున్నారా? ఇక్కడ కాస్త ఆగండి, దీన్ని చాలామంది మోకాళ్ల నొప్పే అనుకుంటారు. నేను చూసుకున్న ఒక పెద్దావిడ చీకటి పడితే చాలు, కాళ్లు నొక్కమని ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టేది. అరిగిన కీలు నడిస్తే నొప్పి పుడుతుంది. ఈవిడకేమో లేచి నాలుగడుగులు వేస్తే హాయిగా ఉండేది, పడుకుంటే మళ్లీ మొదలు. ఆ తేడా డాక్టరుకు చెప్పాక రక్త పరీక్ష చేయిస్తే శరీరంలో ఐరన్ నిల్వలు బాగా తక్కువగా ఉన్నాయి. ఇలా కాళ్లు లాగి ఒక చోట పెట్టలేకపోవడాన్ని రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్ అంటారు. ఐరన్ వైద్యం మొదలయ్యాక రాత్రులు కుదుటపడ్డాయి. ఐరన్ నిల్వలు తెలిపే ఫెరిటిన్ అనే రక్త పరీక్ష చేయించమని అడగండి. పైన చెప్పిన మత్తు తెచ్చే అలెర్జీ మాత్రలు దీన్ని ఇంకా పెంచుతాయి.

పెద్దగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టయి, ఉక్కిరిబిక్కిరై లేస్తున్నారా? పొద్దున లేవగానే తలనొప్పి అంటున్నారా? అది స్లీప్ ఆప్నియా కావచ్చు. అలాంటివాళ్లకు నిద్ర మాత్ర ఇస్తే శ్వాస ఇంకా మందగిస్తుంది. ఒక నిమిషం వీడియో తీసి డాక్టరుకు చూపించండి.

దిగులు సంగతి కూడా మర్చిపోకండి. మూడింటికే లేచి ఇక పడుకోకపోవడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం, "నేను మీకు భారమైపోయాను" అనే మాట పదే పదే రావడం గమనిస్తే అది వయసు వల్లేనని వదిలేయకండి. డిప్రెషన్‌కు వైద్యం ఉంది.

మోకాళ్ల కింద దిండు పెట్టకండి

దీన్ని విడిగా చెప్తున్నాను, ఎందుకంటే ప్రేమతో చేసే పనుల్లో ఎక్కువ నష్టం చేసేది ఇదే. మోకాళ్లు కొద్దిగా మడిచి కింద దిండు పెడితే ఆమెకు నిజంగానే హాయిగా ఉంటుంది. కానీ రోజూ రాత్రంతా అలాగే ఉంటే వెనక కండరాలు కురచబారి మోకాలు వంకరగానే ఉండిపోతుంది. అలా బిగుసుకున్న మోకాలిని చాపించడానికి నెలలు పడుతుంది, కొందరికి ఇక చాపుకోదు. నిటారుగా నిలబడలేని మనిషి ఎలా నడుస్తారు?

బదులుగా పక్కకు తిప్పి పడుకోబెట్టి రెండు మోకాళ్ల మధ్య దిండు పెట్టండి. అది చీలమండల దాకా రావాలి, లేకపోతే పైకాలు కిందికి జారి తుంటిని లాగుతుంది. వీపు వెనక ఇంకో దిండు ఆనిస్తే వెల్లకిలా దొర్లిపోకుండా, పూర్తిగా తుంటి ఎముక మీద భారం పడకుండా వాలుగా ఉంటారు. వెల్లకిలా పడుకుంటే పిక్క పొడవునా పల్చటి దిండు వేసి మడమలు గాల్లో తేలేలా చూడండి, మోకాలి వెనక ఖాళీ లేకుండా దిండు అక్కడికీ కాస్త ఆనాలి. మోకాలు మాత్రం దాదాపు చాపుకునే ఉండాలి.

పడుకునే ముందు బిగుతుగా ఉంటే 15 నుంచి 20 నిమిషాలు వేడి కాపడం పెట్టండి. కీలు ఉబ్బి వేడిగా ఉంటే మాత్రం చల్లటి కాపడమే. ఏదైనా గుడ్డ చుట్టే పెట్టాలి. షుగరు వల్ల స్పర్శ తగ్గినవాళ్లకు వేడి తెలియదు, కాలిపోతుంది. మీ ముంజేతి మీద పెట్టి చూసుకోండి.

పగలు మంచం దింపడం

"నొప్పి అంటుంటే ఎలా నడిపించాలి?" అని మీరు అడుగుతారని తెలుసు. అరిగిన మోకాలు కదిలిస్తే ఇంకా అరిగిపోతుందనే భయం చాలామందిలో ఉంది. అది నిజం కాదు. మోకాళ్ల అరుగుదలకు వ్యాయామం వైద్యంలో ముఖ్యమైన భాగం. కదిలించేటప్పుడు కొంచెం నొప్పి పరవాలేదు. మర్నాటికి కూడా ఎక్కువగానే ఉంటే, వాపు వస్తే చేసింది ఎక్కువైందని అర్థం, తగ్గించండి, ఆపకండి. నొప్పి మాత్ర వేసిన అరగంట నుంచి గంట తర్వాత మొదలుపెడితే ఆమెకూ ధైర్యంగా ఉంటుంది.

మొదట మంచం మీదే: పాదాలను పైకీ కిందికీ ఆడించడం. మడిచిన తువ్వాలు మోకాలి కింద పెట్టి, దాన్ని మోకాలితో కిందికి అదిమి 5 సెకన్లు పట్టి వదలడం, పదిసార్లు. (ఆ తువ్వాలు వ్యాయామం అయ్యాక తీసేయాలి.) తర్వాత కుర్చీలో కూర్చుని ఒక్కో కాలూ చాపి దించడం. ఇవి వచ్చాక కుర్చీలోంచి లేచి కూర్చోవడం. ఇదే అసలైన వ్యాయామం, బాత్రూమ్‌కు ఒంటరిగా వెళ్లే స్వేచ్ఛ దీనిమీదే ఆధారపడి ఉంటుంది. ఫిజియోథెరపిస్టు చేత ఒకటి రెండుసార్లు చూపించుకుంటే మంచిది.

లేపడంలో తప్పులు జరుగుతుంటాయి కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. వెల్లకిలా ఉన్న మనిషి చేతులు పట్టి లాగకండి. ముందు పక్కకు తిప్పండి. కాళ్లు మంచం అంచు దాటాక, ఆమె మోచేతితో అదుముకుని పైకి లేవాలి, మీరు భుజం వెనక చెయ్యి ఆనించాలి. కూర్చున్నాక ఒకటి రెండు నిమిషాలు అలాగే ఉంచండి. కళ్లు తిరుగుతున్నాయా అని అడగండి, ఆ రెండు నిమిషాలూ పాదాలు ఆడించమనండి. పాదాలు నేలకు పూర్తిగా ఆనాయా? ఆనకపోతే మంచం ఎత్తు ఎక్కువని అర్థం. మోకాళ్లు తుంటికన్నా పైకి ఉంటే మంచం మరీ పొట్టిది, లేవడం రెండింతలు కష్టం. ఇప్పుడు ఆమె అంచుకు జరిగి, పాదాలు కొంచెం వెనక్కి లాక్కుని, ముక్కు కాలి వేళ్ల మీదికి వచ్చేంతగా ముందుకు వంగాలి. అలా వంగితేనే పిరుదులు తేలికగా పైకి లేస్తాయి. చేతులతో మంచాన్నో కుర్చీ చేతుల్నో అదమాలి. వాకర్ పట్టుకుని లేవకూడదు, అది తిరగబడుతుంది, నిలబడ్డాకే పట్టుకోవాలి. మీరు ఆమెకు ఎక్కువ బాధగా ఉన్న కాలు వైపు నిలబడి నడుముకు కట్టిన వెడల్పాటి బెల్టు పట్టుకోండి. చంకల కింద చేతులు వేసి ఎత్తకండి. ఆమె భుజం పోతుంది, మీ నడుం పోతుంది.

చేతికర్ర వాడితే ఎక్కువ నొప్పి ఉన్న మోకాలికి ఎదుటి వైపు చేతిలో పట్టుకోవాలి. నొప్పి ఉన్న వైపే పట్టుకునేవాళ్లు ఎక్కువ. చెప్పులతో నిలబడి చెయ్యి కిందికి వదిలితే మణికట్టు గీత దగ్గరికి కర్ర పిడి రావాలి. రెండు మోకాళ్లూ సమానంగా బాధపెడుతుంటే వాకరే మేలు. మెట్లెక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు.

బరువు ఎక్కువుంటే తగ్గించడం గురించి కూడా డాక్టరుతో మాట్లాడండి. ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగులోనూ మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది.

చర్మం

ఎక్కువసేపు పడుకునేవాళ్లకు నడుం కింది ఎముక, తుంటి పక్కలు, మడమల దగ్గర రోజూ చూడాలి. ఎర్రగానో నల్లగానో కమిలినట్టు కనిపిస్తే వేలితో నొక్కి వదలండి. రంగు పాలిపోయి మళ్లీ వస్తే పరవాలేదు, ఒత్తిడి తీసేస్తే సర్దుకుంటుంది. నొక్కినా రంగు మారకపోతే అది పుండుకు తొలి మెట్టు. ఛాయ తక్కువ చర్మంలో ఎరుపు తెలియదు, అందుకే చుట్టుపక్కల కన్నా వేడిగా, గట్టిగా ఉందా అని చేత్తో తడిమి చూడండి. అక్కడ మర్దన చేయకండి, లోపలి కండ ఇంకా దెబ్బతింటుంది. గుండ్రటి రింగు దిండ్లూ వద్దు. తనంతట తను తిరగలేనివాళ్లను సుమారు రెండు గంటలకోసారి తిప్పాలి. కుర్చీలో ఉంటే ఇంకా తరచుగా బరువు మార్చాలి. అమ్మగారు స్వయంగా తిరగగలుగుతుంటే రాత్రంతా లేపి తిప్పాల్సిన పని లేదు, ఆ పేరుతో నిద్ర చెడగొట్టకండి. మంచి పరుపు వేయండి, మడమలు తేలేలా చూడండి, పొద్దున చర్మం చూడండి, చాలు.

నిద్ర అలవాట్లు

ఇవి మీకు తెలిసే ఉంటాయి, త్వరగా చెప్తాను. రోజూ ఒకే వేళకు లేపండి, రాత్రి ఎంత ఆలస్యంగా పడుకున్నా సరే. పొద్దున వెలుతురులో కూర్చోబెట్టండి. మధ్యాహ్నం కునుకు మూడింటి లోపు, అరగంట మించకుండా. కాఫీ, టీ మధ్యాహ్నంతో ఆపాలి. నిద్ర రాకముందే ఎనిమిదింటికే పడుకోబెట్టకండి. కీళ్లవాతానికి స్టిరాయిడ్ మాత్ర ఉంటే అది సాధారణంగా పొద్దునే వేస్తారు, సాయంత్రం పడితే నిద్ర పోతుంది.

"ఇరవై నిమిషాల్లో నిద్ర పట్టకపోతే మంచం దిగిపోవాలి" అనే సలహా అందరూ ఇస్తారు. అమ్మగారిలా పడిపోయే ప్రమాదం ఉన్నవాళ్లకు నేను అలా చెప్పను. దిండు ఆనించి మంచం మీదే కూర్చోబెట్టండి, మసక వెలుతురులో ఏదైనా వినిపించండి, కళ్లు బరువెక్కాక పడుకోబెట్టండి. ఎదురుగా గడియారం ఉంటే తీసేయండి. ఎన్నయిందో చూసుకునే కొద్దీ టెన్షన్ పెరుగుతుంది. మంచం నుంచి బాత్రూమ్ దాకా చిన్న దీపం వెలగాలి, దారిలో కాలికి తగిలే పట్టా, వైరు ఉండకూడదు. దూరమైతే రాత్రికి మంచం పక్కనే కమోడ్ కుర్చీ పెట్టండి.

వారానికి కనీసం మూడు రాత్రులు, కనీసం మూడు నెలలుగా ఇలాగే ఉంటే దాన్ని దీర్ఘకాలిక నిద్రలేమి అంటారు. దానికి మొదటి వైద్యం మాత్ర కాదు, నిద్ర గురించిన ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే సీబీటీ-ఐ అనే శిక్షణ. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో ఇదే సిఫారసు చేసింది. నొప్పి ఉన్నవాళ్లకూ ఇది పనిచేస్తుంది. కాకపోతే అందులో మంచం మీద గడిపే సమయాన్ని కుదించే భాగం ఉంటుంది, దాన్ని మీ అంతట మీరు చేయకండి.

వెంటనే చూపించాల్సినవి

ఒక కీలు హఠాత్తుగా ఎర్రగా ఉబ్బి, ముట్టుకోనివ్వనంత నొప్పితో జ్వరం వస్తే అది కీలులో చీము కావచ్చు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెడితే రక్తం గడ్డకట్టిందేమో చూడాలి. దానితోపాటు ఆయాసం వస్తే అత్యవసరం. కాళ్లు ఉన్నట్టుండి పట్టు తప్పినా, మూత్రం, విరేచనం మీద అదుపు పోయినా, పడ్డాక నిలబడలేకపోయినా ఆలస్యం చేయకండి. నిన్నటిదాకా బాగున్న మనిషి ఒక్కరోజులో అయోమయంగా మాట్లాడితే అది "నిద్ర లేక" అనుకోకండి. వెనక ఇన్ఫెక్షనో మందుల ప్రభావమో ఉంటుంది.

ఇంకొకటి. పొద్దున లేచాక బిగుతు అరగంట లోపే వదులుతుంటే అరుగుదలకు సరిపోతుంది. గంట దాటినా వదలకుండా, రెండు చేతుల వేళ్ల కణుపులు కూడా వాస్తుంటే రుమటాయిడ్ కీళ్లవాతం ఉందేమో అడగండి, దాని మందులు పూర్తిగా వేరు. ఆ కీళ్లవాతానికి ఎవరికైనా మెతోట్రెక్సేట్ రాస్తే అది వారానికి ఒక్కసారే వేసే మందు. పొరపాటున రోజూ వేస్తే ప్రాణాంతకం. వారంలో ఏ రోజో పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి.

మీ గురించి మీరు ఒక్క మాట కూడా రాయలేదు. రాత్రిళ్లు ఆమెతో పాటు మీరూ లేస్తున్నారని అర్థమవుతూనే ఉంది. ఇంట్లో ఇంకొకరుంటే రాత్రులు పంచుకోండి, వారంలో కొన్ని రాత్రులైనా మీరు వేరే గదిలో తెల్లారేదాకా పడుకోవాలి. నిద్ర లేని చేతులతో మనిషిని లేపితే ఇద్దరూ పడతారు.

నోట్‌బుక్ వారం నిండాక ఇక్కడే రాయండి: రాత్రి మెలకువ వచ్చినప్పుడు ఆమె మొదటి మాట, మందుల పేర్లు, వాటి వేళలు, కుర్చీలోంచి సాయం లేకుండా లేవగలుగుతున్నారా అన్నది. వాటిని బట్టి డాక్టరు దగ్గర ముందు ఏమి అడగాలో చెప్తాను.